నిదానమ్మ వీపు

అనగనగా ఒక అడవిలో ఎన్నికలొచ్చాయి. నవ్వకండర్రా! అడవి అన్నాక సింహమే ఏలాలని ఎక్కడైనా రాసి ఉందా? ఆ అడవిలో సింహం లేదు. అందరూ ఓట్లేసి పెద్దను ఎన్నుకునేవారు. ప్రతిసారీ గజపతి అనే ఏనుగే గెలిచేవాడు.

ఆ అడవి నడుమ ఒక వాగు ఉంది. గజపతికి అది మోకాలి లోతు కూడా కాదు. కుందేళ్ళకీ ఉడుతలకీ మాత్రం వానాకాలం వస్తే ప్రాణగండమే. "వంతెన వేయించండి బాబూ" అని అడిగితే, "ఈసారి తప్పకుండా!" అనేవాడు గజపతి. ఆ మాట కరి మింగిన వెలగపండే. పైకి నిండుగా కనిపించేది, లోపల ఏమీ ఉండేది కాదు.

చూసి చూసి, కంపయ్య అనే ముళ్ళపంది ఒక చిన్న పార్టీ పెట్టాడు. గుర్తు ఉసిరికాయ. పార్టీ ఆఫీసు కూడా ఉసిరిచెట్టు కిందే. ఉడుత తురాయి, ముంగిస చురకయ్య, తాబేలు నిదానమ్మ, ఇంకా గుప్పెడుమంది కార్యకర్తలు చేరారు.

గజపతి ప్రచారంలో చెరుకుగడలూ అరటిగెలలూ పంచేవారు. వీళ్ళకి మాత్రం ఉసిరికాయలే టిఫిను, ఉసిరికాయలే భోజనం. కొరకగానే మూతి వంకర్లు పోయేది. పైన నాలుగు గుక్కల వాగునీళ్ళు తాగితే నోరంతా తియ్యనయ్యేది. "ముందు పులుపు, తర్వాత తీపి! ఉసిరికాయకే మన ఓటు!" అని తురాయి కొమ్మకొమ్మకీ పాకి అరిచేది. ఎంత బాగుండేవో ఆ రోజులు! గొంతులు బొంగురుపోయినా, ఇంటికి పోదామన్నవాళ్ళు ఒక్కరు లేరు.

అవతలి ఒడ్డున ఓట్లు అడగాలంటే వాగు దాటాలి కదా. అందుకని తలా ఒక రాయి దొర్లించుకొచ్చి నీళ్ళలో వేశారు. చక్కగా దాటురాళ్ళ వరస తయారైంది. నడిమధ్యన మాత్రం వడి ఎక్కువ. అక్కడ ఏ రాయి వేసినా కొట్టుకుపోయింది. అందరూ దిగాలుగా నిలబడ్డారు.

"నేను లేనూ?" అంది నిదానమ్మ.

ఆ ఖాళీలోకి దిగింది. కాళ్ళు బురదలో పాతుకుని నిలబడింది. అందరూ ఆమె వీపు మీద అడుగేసి అవతలికి దాటారు.

ఎన్నికల రోజు రానే వచ్చింది. గుట్ట మీద రెండు గుంతలు తవ్వారు. ఒకదాని పక్కన గజపతి గుర్తు వెలగపండు, రెండోదాని పక్కన ఉసిరికాయ. నచ్చిన గుంతలో ఒక చింతగింజ వేయాలి, అదే ఓటు. సాయంత్రానికి వెలగపండు గుంత నిండి పొర్లింది. ఉసిరికాయ గుంతలో గింజలు అడుగు కూడా కప్పలేదు.

మర్నాడు ఉసిరిచెట్టు కింద సమావేశం పెట్టారు. కంపయ్య ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఓడిపోయామని నాకు బాధ లేదు. కానీ మన పార్టీలో ఉన్నవాళ్ళెంతమంది, పడిన ఓట్లెన్ని? మనవాళ్ళ ఓట్లే మనకి పడలేదు! ఎవరో వెన్నుపోటు పొడిచారు!" అన్నాడు.

తురాయికి నవ్వాగలేదు. "వీపు నిండా ముళ్ళున్నవాడివి, నీకు వెన్నుపోటు ఎవడు పొడుస్తాడు మామా?" అంది.

"వేళాకోళాలొద్దు. నిన్న నువ్వు ఓటేశావా లేదా, చెప్పు" అన్నాడు కంపయ్య.

తురాయి తోక దించేసింది. "కుందేలు దూదమ్మ వరసలో నిలబడితే, ఆమె పిల్లల్ని ఎత్తుకున్నాను మామా. ఆమె తర్వాత ఇంకో తల్లి, ఆ తర్వాత ఇంకో తల్లి. చివరికి చూస్తే గుంతలు మూసేశారు" అంది.

"నువ్వో చురకయ్యా?"

"దారి పక్కన పాము పుట్ట ఉంది కదా బాబాయ్. వచ్చేపోయేవాళ్ళకి భయం లేకుండా దాని ముందు కూర్చున్నాను. లేస్తే అది బయటికొస్తుందని లేవలేదు."

నిదానమ్మను అడగాల్సిన పని లేదు. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె వాగులోనే నిలబడింది. ఆమె వీపు మీంచి గుట్టకి వెళ్ళినవాళ్ళలో చాలామంది గజపతికి ఓటేసినవాళ్ళే.

ఒకరి తర్వాత ఒకరు ఇదే పాట పాడారు. అప్పుడు తురాయి మెల్లగా అడిగింది. "మరి నువ్వేశావా మామా?"

కంపయ్య గోళ్ళలో ఇరుక్కున్న కంపముల్లు పీక్కున్నాడు. నిన్నంతా అతను దారికి అడ్డంగా ఉన్న కంపలు లాగుతూనే ఉన్నాడు! ముందు ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత చెట్టు కింద అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ, ఎందుకో అందరికీ ఏడుపొచ్చింది.

"ఇక చాలు" అన్నాడు కంపయ్య కళ్ళు తుడుచుకుని. "పార్టీ మూసేద్దాం. ఆ రాళ్ళు కూడా పీకేద్దాం. మనకి ఓటెయ్యని వాళ్ళకి మన దారెందుకు?"

ఇంతలో దూదమ్మ వచ్చింది. పిల్లలు ఆమె వెనకే నక్కి నిలబడ్డారు.

"కంపయ్యా, నిజం చెప్తాను. నిన్న నా గింజ వెలగపండు గుంతలోనే వేశాను, అరటిపళ్ళిచ్చారని. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. మా అమ్మ అవతలి ఒడ్డునుంది. మీరు ఓడిపోయారు కదా, ఆ రాళ్ళు ఉంచుతారా, తీసేస్తారా?"

కంపయ్య ఆ పిల్లలవంక చూశాడు. నిక్కబొడిచిన ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోయాయి.

"రాళ్ళెక్కడికి పోతాయి తల్లీ? వాన ముదరకముందే మీ అమ్మని తెచ్చుకో. నిదానమ్మా, కాస్త దిగుతావా?"

"నేను లేనూ?" అంది నిదానమ్మ. అప్పటికే ఆమె వాగు వైపు సగం దూరం నడిచేసింది.

ఆ వానాకాలం వాగు పొంగింది. ఏ పిల్లా కొట్టుకుపోలేదు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. గజపతి అరటిగెలలు పట్టించుకుని దూదమ్మ ఇంటికొచ్చాడు. "అరటిపళ్ళు తర్వాత బాబూ. నిదానమ్మ నిలబడే చోట ఒక బండ వెయ్యి. అప్పుడు ఓటు సంగతి చూద్దాం" అంది దూదమ్మ. పక్కింటివాళ్ళూ అదే అన్నారు. ఆ పక్కింటివాళ్ళూ అదే అన్నారు. గజపతికి చెమటలు పట్టాయి. తనే స్వయంగా పెద్ద బండ దొర్లించుకొచ్చి వాగు నడిమధ్యన దింపాడు.

ఆ ఎన్నికల్లో కూడా గజపతే గెలిచాడు. ఏం చేస్తాం, ఉసిరికాయ పార్టీ మళ్ళీ ఓడింది. కానీ ఆ రోజు నిదానమ్మకి వాగులో పని లేదు. "ఇవాళ నిన్ను తొక్కేవాళ్ళు లేరు, పద!" అన్నాడు కంపయ్య. ఆమె ఆ బండ మీంచే నడిచి, గుట్టెక్కి, తన మొదటి చింతగింజ ఉసిరికాయ గుంతలో వేసింది. కంపయ్యా తురాయీ చురకయ్యా ఆమె వెనకే ఓట్లేశారు.

ఇప్పటికీ ఉసిరికాయలు కాసే రోజుల్లో వాళ్ళంతా ఆ చెట్టు కింద చేరతారు. ఓడిపోయిన ఆ మొదటి ఎన్నికలనే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటారు. ముసలి నిదానమ్మ కళ్ళు మూసుకుని వింటుంది. వాగులో బండకి 'గజపతి వంతెన' అని పేరు పెట్టమని గజపతి అనుచరులు చాటింపు వేయించారు. ఆ పేరు ఎవరి నోటా పలకలేదు. వాగు దాటే ప్రతి తల్లీ తన పిల్లతో ఒకటే అంటుంది:

"జాగ్రత్తమ్మా, నిదానమ్మ వీపు మీద మెల్లగా అడుగెయ్యి."

నీతి: ఎన్నికల్లో ఓడినా, పదిమందికి వేసిన దారి వృథా పోదు. కాకపోతే, ఊరి పనికి బయల్దేరే ముందు మీ ఓటు మీరు వేసి వెళ్ళండర్రా!