బూట్లోడుగారి కుర్చీ

మణిమంజరీపురం రాజు గజకేతనుడికి ఆ రోజు పొద్దున్నే కోపం వచ్చింది. ఏనుగులు స్నానం చెయ్యలేదు!

అవేమీ మొండికెయ్యలేదు పాపం. ఆ కోటలో ఏ ఏనుగు ఎప్పుడు నీళ్లలో దిగాలో, వంటింట్లో ఏ పూట ఏం వండాలో అన్నీ సర్వరే చెప్పాలి. సర్వరంటే ఇడ్లీలు తెచ్చేవాడనుకునేరు. కొలువుకూటం మూలన కూర్చుని గుర్రుమంటూ ఉండే నల్లపెట్టె, పెద్ద కంప్యూటరు. రాత్రి దాన్ని ఆపి దుమ్ము దులిపారు. పొద్దున ఎంతకీ లేవలేదు. కోట ముందు వరసకట్టిన ఏనుగులు ఒకటే ఘీంకారాలు.

"ఏమైంది దీనికి?" అన్నాడు రాజు.

యంత్రాల పెద్ద తంత్రభూషణుడు ముందుకొచ్చాడు. ఆయన నడిస్తే పతకాలు గలగలమంటాయి. అందులో సగం ఆయన సొంతంగా చేయించుకున్నవే.

"బూట్‌లోడర్ దగ్గర ఆగిపోయింది, మహాప్రభూ."

"బూట్లోడా? ఎవడా బూట్లోడు?"

సభంతా నేలచూపులు చూసింది. ఆ రాజ్యంలో రాజు నోట ఏ మాట ఎలా వస్తే అదే సరైన మాట. దిద్దినవాడికి మూడు పూటలా కాకరకాయ రసమే. ఒకసారి రాజుగారు నోరు జారి దానిమ్మపండుని దానమ్మపండు అన్నారు. ఆ రోజు నుంచి బజారంతా "దానమ్మపళ్లోయ్!" అనే కేకలే.

తంత్రభూషణుడు వెంటనే తలూపాడు. "అవును ప్రభూ, బూట్లోడే."

"వాడేం చేస్తాడు?"

"పెట్టెలో అందరికంటే ముందు లేస్తాడు. లోపల కెర్నెల్ అని ఒక మహారాజు నిద్రపోతుంటాడు. ఆయన్ని లేపి గద్దె మీద కూర్చోబెడతాడు. ఆయన లేస్తేనే తక్కిన పెట్టంతా లేస్తుంది."

రాజుకి కళ్లు చెమర్చాయి.

"రాజుని లేపి గద్దెనెక్కించేవాడా! నన్ను లేపడానికి ఒక్క కోడి తప్ప దిక్కులేదు కదయ్యా! ఆ మహానుభావుడు ఎక్కడున్నా పట్టుకురండి. నా పక్కన పంకా కింద కుర్చీ ఇక వాడిదే!"

సభ గుసగుసలాడింది. అసలే వైశాఖం. కొలువుకూటానికంతటికీ ఉన్నది ఒకటే పంకా. దాని కింద కుర్చీ పేరిందేవిది. రాజుకి విసుగొచ్చినప్పుడల్లా పొడుపుకథలు వేసి నవ్వించే పిల్ల. కొలువులో కుర్చీ పోయిందంటే కొలువు పోయినట్టే. గుమ్మం బయట, ఎండలో, ఏనుగుల పక్కన నిలబడాల్సిందే.

తంత్రభూషణుడికి ఆ కుర్చీ మీద ఎప్పటినుంచో కన్ను.

"ఎక్కడో వెతకడం ఎందుకు ప్రభూ? ఆ బూట్లోణ్ణి నేనే!"

అంటూ పెట్టె దగ్గరికి వెళ్లి, కళ్లు మూసుకుని, ఏదో గొణిగి, చిటికెనవేలితో ఒక మీట నొక్కాడు. పెట్టె గుర్రుమంది. కాసేపటికి బయట కాలవలో ఏనుగు దభీమని పడ్డ చప్పుడు.

చప్పట్లే చప్పట్లు! పేరిందేవి కుర్చీ ఖాళీ చేసింది. తంత్రభూషణుడు అందులో కూర్చుని, పతకాలకి గాలి తగిలేలా సర్దుకున్నాడు.

"రేపట్నుంచి తమరిని లేపేదీ నేనే ప్రభూ! ఇంకేం పిల్లా, వెళ్లి ఏనుగులకి వేసుకో నీ పొడుపుకథలు."

"అలాగే బాబాయిగారూ. పోయేముందు బూట్లోడుగారి గొప్పలు నాలుగు విని పోతాను. ఏనుగులు అడిగితే చెప్పాలిగా?"

తన గొప్ప అనేసరికి ఆయన కరిగిపోయాడు. "అడుగు, అడుగు."

"లేపేముందు తమరేం చేస్తారు?"

"లోపల కెర్నెల్‌లు రెండుంటాయి. కొత్తదాన్ని లేపనా, పాతదాన్ని లేపనా అని బయటివాళ్లని అడుగుతాను. కొత్తది మొరాయిస్తే పాతది ఆదుకుంటుంది."

"ఎవరూ పలక్కపోతే?"

"కాసేపు చూసి, ముందే చెప్పి ఉంచిన దాన్ని లేపేస్తాను."

"మరి ఇవాళ ఎవరూ పలకలేదుగా బాబాయిగారూ, ఎందుకు లేపలేదు?"

"ఆ పెట్టెలోవాడు ఎలా లేపుతాడు? నేనొచ్చి మీట నొక్కేదాకా కదలొద్దని నిన్న సాయంత్రం సెట్టింగు మార్చింది నేనే కదా! నేను లేకపోతే ఈ కోటలో ఏనుగు కూడా తడవదని అందరికీ తెలియొద్దూ?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. రాజుగారి మీసం ఒక పక్క మాత్రమే పైకి లేచింది.

పేరిందేవి ఏమీ విననట్టే, "ఆఖరిగా ఒక్కటి. రాజుని గద్దెనెక్కించాక బూట్లోడుగారి పనేమిటి?" అంది.

మాట మారినందుకు సంబరపడి ఆయన గబగబా చెప్పేశాడు. "పనేముంది? పెత్తనం రాజుకి అప్పగించి తప్పుకోవడమే. మళ్లీ పడుకుని లేచేదాకా బూట్లోడి అవసరమే ఉండదు!"

పేరిందేవి రాజు వైపు తిరిగి చేతులు జోడించింది.

"మహాప్రభూ, పెట్టెలో రాజూ లేచారు, పెట్టె బయట రాజూ లేచారు. మరి బూట్లోడుగారు ఇంకా ఇక్కడేం చేస్తున్నారు?"

అప్పుడు రాజు నవ్వాడు చూడండి, కిరీటం చెవుల మీదికి జారిపోయింది.

"నిజమే! లేవయ్యా, తప్పుకో! రోజూ కోడికంటే ముందొచ్చి నన్ను లేపు. బూట్లోడివి కదా, వచ్చేటప్పుడు నా బూట్లు తీసుకురా. నేను గద్దెనెక్కగానే మాయమైపో!"

తంత్రభూషణుడికి ఏడుపొచ్చింది. "అయ్యో ప్రభూ! అది బూట్లోడు కాదు, బూట్‌లోడర్..."

సభంతా చెవులు మూసుకుంది. రాజుగారి మాటని దిద్దేశాడు!

పేరిందేవి నెమ్మదిగా వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆమెకని అప్పటికప్పుడు రెండో పంకా కూడా తగిలించారు. ఆ గాలిలోనే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, మూలనున్న నల్లపెట్టె చక్కగా గుర్రుమంటూ తంత్రభూషణుడి వంట సంగతి వంటింటికి కబురు చేసింది:

"పొద్దున కాకర. మధ్యాహ్నం కాకర. రాత్రికి కాకర."