ఎండుకొండ మీద పసరు

ఇప్పవాగు అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు ఉండేవి. వాళ్లకి ఇద్దరు వైద్యులు. ఒకడు కొండముచ్చు. ఇంకొకామె ఒంటినిండా పెంకులున్న అలుగు.

ఒక వానాకాలం వాగు ఒడ్డున పొక్కుల జ్వరం పుట్టింది. వచ్చినవాళ్లలో సగం మంది బతకలేదు. జ్వరం రాకుండా ముందే తాగే పసరు ఒకటి కొండముచ్చు నూరాడు. వేరే ఆకులతో అలుగూ ఒకటి నూరింది.

కొండముచ్చు తన పసరుని ఎండుకొండ మీదున్న చుట్టాలకి పోశాడు. ఎవరికీ జ్వరం రాలేదు. వెంటనే అడవంతా డప్పు వేయించాడు. "నా పసరు తాగినవాళ్లలో ఒక్కరికైనా వచ్చిందా? చూసుకోండి!"

"బావా, ఆ కొండమీద తాగనివాళ్లకి వచ్చిందా?" అని అడిగింది అలుగు.

"రాలేదు."

"జ్వరమే ఎక్కని కొండమీద నీ పసరు దేన్ని ఆపినట్టు?"

"కుళ్లు! చీమలు నాక్కునేదానివి, నీకెందుకు?"

అందరూ పకపకా నవ్వారు. పిల్లలూ, అందులో నవ్వడానికేముంది? ఆమె ప్రశ్న అడిగింది. జవాబు చెప్పడం చేతకాక నవ్వారు, అంతే.

ఆ డప్పు నమ్మి దుప్పి తన పెద్దపిల్లకి కొండముచ్చు పసరు పట్టింది. ఇక భయం లేదనుకుని వాగుకి పంపింది. ఆ పిల్ల ఒళ్లంతా పొక్కులతో చచ్చిపోయింది.

"నా బిడ్డని చంపింది జ్వరం ఒక్కటే కాదురా, నీ డప్పు కూడా!" అని దుప్పి గిట్టలెత్తి మీదికి దూకింది. కొండముచ్చు చెట్టెక్కి కూర్చున్నాడు.

అలుగు అందరితో అంది, "నా పసరు పనిచేస్తుందో లేదో నాకూ తెలీదు. జ్వరం ఉన్నచోటే అది తేలాలి."

ఎవరికి కొత్తగా పొక్కు లేస్తే వాళ్ల చుట్టుపక్కల వాళ్లని పిలిచి, అలుగు పుల్లలు తీయించింది. పొడుగుపుల్ల వస్తే ఇవాళే పసరు. పొట్టిపుల్ల వస్తే, తేడా తెలిశాక.

దుప్పి చిన్నపిల్లకి పొట్టిపుల్ల వచ్చింది.

"మళ్లీ నా బిడ్డేనా? దీనికి ఇప్పుడే పసరు పొయ్యి!"

"వదినా, అందరికీ ఒకేసారి పోస్తే మంచి చేసిందో చెడు చేసిందో ఎవరితో పోల్చను? నాకు కావాల్సినవాళ్లని ఏరుకుంటే నాకూ ఆ కొండముచ్చుకీ తేడా ఏముంది?"

దుప్పి పళ్లు కొరుక్కుంది. పిల్లని పొదలో దాచి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా కాపు కాసింది.

జ్వరం పక్కనే ఉంది కాబట్టి జవాబూ త్వరగానే వచ్చింది. పొట్టిపుల్ల వాళ్లలో చాలామంది మంచం పట్టారు. పొడుగుపుల్ల వాళ్లలో ఏ ఒకరో ఇద్దరో. తేడా తేటతెల్లం కాగానే అలుగు ఇంకా చూస్తూ కూర్చోలేదు. మిగిలిన పొట్టిపుల్ల వాళ్లకి పరుగున పసరు పోసింది. దుప్పి చిన్నపిల్ల బతికింది.

ఈలోగా జ్వరం ఎండుకొండా ఎక్కింది. కొండముచ్చు అందర్నీ తోసుకుంటూ వచ్చాడు. మొహం నిండా పొక్కులు.

"ముందు నాకు పొయ్యండి!"

దుప్పి అడ్డం నిలబడింది.

"వైద్యుడా, ఇది జ్వరం రాకముందు తాగేది, వచ్చాక కాదు. ఆ డప్పుతో నువ్వు పాడుచేసిన రోజులు మావి మాత్రమే అనుకున్నావా?"

నీతి: ప్రాణం కాపాడే మందుని ప్రమాదం ఉన్నచోటే, నావాళ్లు నీవాళ్లు అనకుండా, త్వరగా పరీక్షించాలి. తేలకముందే డప్పు కొట్టుకునేవాడు నలుగురినీ ముంచి తానూ మునుగుతాడు.