ముడి బొమ్మ గీయని మూట

రెండు రోజులైనా ఆ ఫైలు తెరుచుకోలేదు. సోమశేఖర్‌కు ఒళ్ళు మండిపోతోంది.

గద్వాల వైపు అచల సంప్రదాయపు చిన్న ఆశ్రమం అది. అక్కడి గురువు బసప్పస్వామి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే పాత తాళపత్రాలను బాగుచేసి ఇస్తారు. సోమశేఖర్ హైదరాబాద్‌లో చదువు ముగించుకుని ఆయన దగ్గర చేరి నాలుగేళ్ళయింది. తాటాకుల పని స్వామి నేర్పారు. కంప్యూటర్ మీద మాత్రం శిష్యుడిదే పెత్తనం. అందులో తనను మించినవాడు ఆ తాలూకాలో లేడని అతని నమ్మకం.

ఫైలు తెచ్చింది ఈరమ్మ, నేతపని చేసే మనిషి. ఆమె భర్త నాగప్ప తత్త్వాలు పాడేవాడు. తాతల నాటి తాటాకుల్లో ఉన్న డెబ్బై మూడు తత్త్వాలను ఫోటోలు తీసి, అన్నిటినీ ఒకే ఫైల్లో పెట్టి, దానికి తాళం వేసి పోయాడు. ఆ తర్వాత ఆకుల్ని చెదలు తినేశాయి. మిగిలింది ఈ పెన్‌డ్రైవ్ ఒక్కటే. సోమవారం నాగప్ప ఏడాది ఆరాధన. సమాధి దగ్గర ఆ తత్త్వాలే పాడాలి. భజన బృందంలో ఎవరికీ పల్లవులు తప్ప చరణాలు రావు.

ఆమెను వసారాలో బల్ల మీద కూర్చోబెట్టి సోమశేఖర్ పనిలో దిగాడు. ఫైలు పేరు చివరనున్న మూడక్షరాలు అతను ఎన్నడూ చూడనివి. వాటిని మార్చి ఫోటో పేరు తగిలించాడు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఏ ఫైలునైనా తెరుస్తానని చెప్పుకునే ప్రోగ్రాం ఒకటి ఇంటర్నెట్‌లో ఊరికే దొరికితే దించుకున్నాడు. అది పాస్‌వర్డ్ అడిగింది. నాగప్ప పేరు కొట్టాడు, ఊరి పేరు కొట్టాడు, ఆయన గురువు పేరు కొట్టాడు. ఏదీ పనిచేయలేదు. ఆ ప్రోగ్రాం ఎవరు చేశారో, ఏం చేస్తుందో అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

రెండో రోజు మధ్యాహ్నం స్వామి గదిలోకి వచ్చారు.

"దేవుడి పాటలకు తాళమేంది స్వామీ," అన్నాడు సోమశేఖర్. "తత్త్వం ఉన్నది నలుగురు పాడుకోవడానికి. ఈయన ఉత్త లోభి. బతికినన్నాళ్ళూ దాచుకుని, పోతూ పోతూ ఆ ముసలమ్మ నెత్తిన పడేసి పోయిండు."

వసారా తలుపు తెరిచే ఉంది. ఆ ధ్యాస అతనికి లేదు.

తెర మీద ఒక ప్రశ్న నిలిచి ఉంది. ఫైలు పాడైందట, బాగుచేయమంటావా అని అడుగుతోంది. పాత ఫైలు మారిపోతుందని కింద సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. సోమశేఖర్ సరేనని నొక్కబోయాడు.

"కొంచెం ఆగు," అన్నారు స్వామి.

ఆయన లోపలికి వెళ్ళి రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి చెమ్మకు అట్టకట్టుకుపోయిన తాళపత్రాల కట్ట. సోమశేఖర్ మూడు నెలలుగా బాగుచేస్తున్నది అదే. రెండోది కూరగాయలు తరిగే చాకు. రెండూ అతని చేతిలో పెట్టారు.

"ఇవి ఇప్పుడే విడదియ్యి."

సోమశేఖర్ ముఖం ఎర్రబడింది. "ఏం మాట స్వామీ అది. రోజుకు ఇంత నిమ్మగడ్డి నూనె పూసుకుంటూ ఒక్కొక్క ఆకే లేపుతున్నా. చాకు పెడితే ఒక్క అక్షరం మిగలదు. దీనికి ఇంకో ప్రతి కూడా లేదు."

"ఈ కట్ట వచ్చిననాడు ముందు ఏం చేసినవ్?"

"మన పద్ధతే. మల్ల అట్లనే కట్టేటందుకు ముడి ఎట్లుందో బొమ్మ గీసుకున్నా. తెచ్చినాయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నా. అప్పుడు విప్పినా."

స్వామి చాకు తీసుకుని కంప్యూటర్ మీటల మీద పెట్టారు. వసారా వైపు చూశారు.

సోమశేఖర్ తెర మీది ప్రశ్నకు వద్దని నొక్కాడు. దించుకున్న ప్రోగ్రాంను తీసేశాడు. ఫైలుకు రెండు నకళ్ళు చేసి వేరువేరు చోట్ల దాచాడు. పెన్‌డ్రైవ్ ఊడదీసి గుడ్డలో చుట్టి స్వామి చేతికిచ్చాడు.

స్వామి స్వయంగా వెళ్ళి ఈరమ్మను తీసుకొచ్చి, శిష్యుడి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

కూర్చున్నదో లేదో ఆమె అంది, "మా ఆయన లోభి కాడు."

సోమశేఖర్ తల దించుకున్నాడు.

"పట్నం నుంచి ఒకాయన వచ్చి, చదివి ఇస్తనని ఆకులు పట్టుకపోయిండు. ఆర్నెల్లకు పుస్తకమేసిండు. ప్రతి తత్త్వం కడాన మా తాతల పేరు తీసి ఆయన పేరు పెట్టుకున్నడు. ఆ పుస్తకం చూసి పాడితె ఆయన పేరే పాడాలె. సభల పెట్టి శాలువ కూడ కప్పిన్రు. మా ఆయన పోయి అడిగితె, నీ తాన రుజువేముందన్నడు. ఆ ఆకులు మల్ల ఇంటికి తెచ్చుకునేసరికి ఏడాది పట్టింది. గప్పుడేసిండు తాళం." ఆమె గొంతు పెరిగింది. "దొంగకు శాలువ. తాళమేసుకున్నోడు లోభి."

"ఈ తాళం దేంతోటి వేసిన్రు అవ్వా?" అని అడిగాడు సోమశేఖర్. గొంతు తగ్గింది.

"మా అక్క కొడుకు పెట్టిచ్చిండు. వాడు ఫోన్ల షాపుల పనిచేస్తడు. అడుగు."

ఫోన్ చేస్తే ఆ ప్రోగ్రాం పేరు చెప్పాడు, దాన్ని తయారుచేసినవాళ్ళ దగ్గర్నుంచే దించుకోమన్నాడు. పావుగంటలో ఆ ప్రోగ్రాం ఫైలు నకలును గుర్తుపట్టింది. పాస్‌వర్డ్ కోసం ఖాళీ గడి వచ్చింది.

"ఆయన ఎక్కడన్నా రాసి పెట్టిండా?"

ఈరమ్మ అతని వైపు తేరిపార చూసింది. "రాసుడెందుకు? ఆయనకు యాది ఉండకపోయేది. తెరిచినప్పుడల్లా నన్నే పిలిచేటోడు. నేనే కొట్టేదాన్ని." చీర కొంగు సర్దుకుంది. "రెండొద్దుల సంది బయట కూసున్న. నీళ్ళు తాగుతవా అని అడిగిన్రు, బువ్వ తింటవా అని అడిగిన్రు. తాళంచెవి ఉన్నదా అని ఒక్కరు అడగలే."

సోమశేఖర్ లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు. ఆమె మీటల పక్కనున్న చాకును దూరంగా జరిపి, వేలు ఎత్తి ఆగింది. ఇద్దరి వైపూ చూసింది.

స్వామి గోడవైపు తిరిగి నిలబడ్డారు. సోమశేఖర్ కూడా తిరిగాడు.

ఒక్కొక్క మీటే, నెమ్మదిగా, వెతుక్కుంటూ నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. కాసేపటికి ఈరమ్మ సన్నగా మొదటి తత్త్వం చరణం చదవడం మొదలుపెట్టింది.

సోమశేఖర్ ఆత్రంగా వెనక్కి తిరగబోయాడు. స్వామి ఇంకా గోడకేసే నిలబడి ఉన్నారు.

అతను మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆమె పిలిచేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.