రాజుగారు బిగించిన సొరుగు

మణిధర మహారాజుకు ఉన్నట్టుండి వడ్రంగం పిచ్చి పట్టింది. కత్తి పక్కన పెట్టి ఉలి పట్టాడు. నానా తంటాలు పడి ఒక సొరుగుల బల్ల చేశాడు. సొరుగు పక్కన వెంట్రుక దూరే సందు కూడా లేదని సభలో మీసం మెలేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఆ ముచ్చటలో రాజముద్రను తీసుకెళ్లి ఆ సొరుగులోనే పెట్టాడు. ఇంతలో ముసురు పట్టింది. చెక్క ఉబ్బి సొరుగు బిగుసుకుపోయింది.

వస్తాదులు లాగితే సొరుగు రాలేదు, బల్ల వచ్చింది. పట్టపుటేనుగును కట్టి లాగిస్తే బల్ల సభంతా ఊరేగింది. సొరుగు మాత్రం కదల్లేదు.

"అంటే నా పనిలో లోపమా?" అని రాజు కళ్లెర్రజేశాడు.

ఆస్థాన పండితుడు సోమభట్టు ఇలాంటి అవకాశం కోసమే పుట్టాడు.

"శివశివా! తమ చేతిలో లోపమా ప్రభూ? ద్రోహం చెక్కది. ఆ చెక్క ఇచ్చింది వడ్రంగి మల్లోజు!"

రాజు ప్రాణం కుదుటపడింది. "సొరుగు తెరుచుకోకుండా చేసిన నేరానికి మల్లోజుకు దేశబహిష్కారం!" అన్నాడు.

పాపం, మల్లోజును భటులు సభకు లాక్కొచ్చారు. "ఇంట్లో నిండు చూలాలైన కూతురుంది మారాజా, ఈ వానలో ఎక్కడికి పోను?" అని ఏడ్చాడు.

విదూషకుడు తిప్పన్న లేచాడు. "శాసనం దివ్యంగా ఉంది ప్రభూ. ముద్ర వేసేస్తే బండెక్కించేద్దాం."

సభంతా సొరుగు వంక చూసింది. ముద్ర పడని శాసనం ఆ రాజ్యంలో చెల్లదు.

"అయితే ముందు వాడిచేతే తెరిపించండి," అన్నాడు సోమభట్టు, తన తెలివికి తనే మురిసిపోతూ.

"ఎంత ఆలోచన భట్టుగారూ! నాకు తట్టనే లేదు సుమండీ," అన్నాడు తిప్పన్న. తర్వాత మల్లోజు వైపు తిరిగి, "అంచులు కూడా కాస్త చిత్రిక పట్టి నునుపు చెయ్యవోయ్. ఏనుగు అలిసిపోయింది, మళ్లీ పిలవలేం," అన్నాడు.

మల్లోజు బల్ల వెనక పలక ఊడదీసి, అటునుంచి ఒక్క తోపు తోశాడు. సొరుగు బయటికొచ్చింది. ముద్ర తీసి ఇచ్చి, అంచులు చిత్రిక పట్టి, మైనం రాసి సొరుగును యథాస్థానంలో పెట్టాడు.

సోమభట్టు శాసనం రాయించి, లక్క కరిగించి, ముద్ర పైకెత్తాడు.

"ఒక్క క్షణం! నేరమేమిటో చదవండి," అన్నాడు తిప్పన్న.

"సొరుగు తెరుచుకోకుండా చేయుట!"

తిప్పన్న చిటికెనవేలితో సొరుగు లాగాడు. సర్రున వచ్చింది. తోశాడు. సర్రున పోయింది.

"ఏ సొరుగండీ?"

"ఇందాక తెరుచుకోలేదు కదయ్యా!" అని అరిచాడు సోమభట్టు.

"ఇందాక నేరం ఉంది, ముద్ర లేదు. ఇప్పుడు ముద్ర ఉంది, నేరం లేదు!"

కరిగిన లక్క భట్టుగారి వేళ్లమీదే గడ్డకట్టింది. రాజుకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వుతూనే శాసనం చింపేసి, తిప్పన్న మెడలో ముత్యాలహారం వేసి, మల్లోజు చేతికి బంగారు కడియం తొడిగాడు.