రాజ్యమంతటికీ ఒకే కషాయం

వెనకటికి సింగవరం రాజ్యాన్ని తిమ్మరాజు ఏలేవాడు. మనసు మంచిదే కానీ, తన నోట వచ్చిన మాటకు తిరుగు ఉండకూడదని మహా పంతం. ఆయన కొలువులో చెన్నుభట్టు అనే చమత్కారి ఉండేవాడు. మనిషి ఊదితే ఎగిరిపోయేలా ఉన్నా, మాట గురి తప్పేది కాదు.

ఒక ఏడు వానలు తగ్గీ తగ్గకముందే రాజ్యంలో విషజ్వరాలు పుట్టాయి. వాటి వెనకే ఊరూరా దొంగవైద్యులు బయల్దేరారు. ఒకడు బల్లితోక అరగదీసి తాగించాడు. ఇంకొకడు వీపున వాతలు పెట్టాడు. జ్వరంతో పోయినవాళ్ళు కొందరైతే, వైద్యంతో పోయినవాళ్ళు ఇంకొందరు.

అప్పుడు ఆస్థాన వైద్యుడు వరదాచార్యులు ఒక కషాయం కాచాడు. దండులో జ్వరపడ్డ సిపాయిల్లో సగంమందికి అది పోయించాడు. మిగతా సగంమందికి వట్టి గంజి పోయించాడు. రెండు పక్కలా తానే కనిపెట్టుకుని చూశాడు. కషాయం తాగినవాళ్ళు పదిమందికి తొమ్మిదిమంది లేచి తిరిగారు. గంజి తాగినవాళ్ళలో చాలామంది మంచం దిగలేదు.

రాజుకు పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే దండోరా వేయించాడు.

"జ్వరమొచ్చిన ప్రతివాళ్ళకూ ఇదే కషాయం, ఇదే గిద్దెడు! ఆడా మగా, పిల్లా పెద్దా తేడా లేదు. పోయని వైద్యుడికి దేశబహిష్కారం!"

దొంగవైద్యులు మూటలు సర్దుకున్నారు. జనం తేరుకోసాగారు. రాజు మీసం మెలేశాడు.

ఆ శాసనం కింద మొట్టమొదట పట్టుబడినవాడెవరో తెలుసా? వరదాచార్యులే!

సభ కిటకిటలాడింది. "మీరు కాచిన కషాయం మీరే పోయలేదట, నిజమేనా?" అని రాజు గద్దించాడు.

"నిజమే ప్రభూ. సాలెవీధి ఈరన్న భార్య నాగులమ్మకు ఇప్పుడు ఏడో నెల. కషాయం చాలా తీక్ష్ణమైంది. సిపాయిల మీద చూశానే గాని, చూలాలి మీద చూడలేదు. బిడ్డ నిలవకపోతే ఏం చెయ్యను? అందుకని తేలికమందు ఇచ్చి, నుదుట తడిగుడ్డ వేయించి, పక్కనే కూర్చున్నాను. జ్వరం దిగింది."

"దిగితే దిగింది! ఇవాళ మీరొకరిని మినహాయిస్తే, రేపు బల్లితోకవాడూ అదే మాటంటాడు. పొద్దుగుంకేలోగా పొలిమేర దాటండి!"

సభలో గుసగుసలు బయల్దేరాయి. జ్వరాలింకా పూర్తిగా తగ్గనేలేదు. ఉన్న ఒక్క మంచి వైద్యుడూ పోతే జనం గతేమిటి? గుమ్మం దగ్గర ఈరన్న, "మా మూలానే కదా సామీ!" అని బావురుమన్నాడు.

తీర్పు చెప్పి రాజు లేవబోయాడు. "అబ్బా!" అని నడుం పట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు.

చెన్నుభట్టు కళ్ళు మెరిశాయి. "ఏమైంది మహారాజా?"

"వేటలో గుర్రం కుదిపేసింది. లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను."

"మందుంది ప్రభూ, మందుంది!" అని కేకపెడుతూ చెన్నుభట్టు పరుగెత్తాడు. అందరూ ముఖముఖాలు చూసుకునేంతలో సాముగరిడీ నుంచి, కుస్తీలు పట్టే జెట్టి పెద్దోబులును లాక్కొచ్చాడు. వాడు నడిచొస్తే కొండ కదిలొచ్చినట్టుంది.

"ప్రభూ, దండులో నడుం నొప్పొస్తే తొక్కేది వీడే. వీడి కాలు పడితే పదిమందిలో తొమ్మిదిమందికి నొప్పి మాయం! కావాలంటే అడగండి."

"నిజమే దొరా!" అన్నారు గుమ్మం దగ్గరి సిపాయిలు.

రాజు గొంతు తగ్గించాడు. "మరి ఆ పదోవాడు?"

"వాడి సంగతి ఇప్పుడెందుకు మహారాజా! ఓబులూ, చాప పరువు!"

పెద్దోబులు చాప పరిచాడు. పంచె ఎగ్గట్టాడు. రోలంత పాదం పైకెత్తి, "బోర్లా పండుకోండి దొరా" అన్నాడు వినయంగా.

రాజు నొప్పి మరిచి సింహాసనం వెనక్కి దూకాడు. "ఆగరా! ఆగమంటే! వాళ్ళ వయసేమిటి, నా వయసేమిటి? చిన్నప్పుడు ఏనుగు మీద నుంచి పడ్డాను, వెన్నులో ఎముక వంకరగా ఉంది. ముందు నా ఒళ్ళు చూడు, తరవాత నీ కాలెత్తు!"

చెన్నుభట్టు ఓబులును ఆపి, చేతులు జోడించాడు.

"ప్రభూ, మీకు నోరుంది కనుక ఆగమన్నారు. నాగులమ్మ కడుపులో బిడ్డకు నోరు లేదు. దాని తరఫున ఆచార్యులవారు ఆగమన్నారు. ఆయన చేసిన నేరం అంతే."

రాజు ముఖం ఎర్రబడింది. మెల్లగా వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. చివరికి వైద్యుడి వైపు తిరిగి, "సరే, మరి ఆ బల్లితోకవాడిని ఎలా ఆపడం?" అని అడిగాడు.

"శాసనం తీసేయకండి ప్రభూ, దానివల్లే జనం బతికారు" అన్నాడు వరదాచార్యులు. "ఎవరికైనా కషాయం పోయకపోతే, ఎందుకు పోయలేదో, బదులుగా ఏమిచ్చాడో ఆ వైద్యుడు తోటి వైద్యుల ముందు నిలబడి చెప్పాలి. అప్పుడు బల్లితోకవాడేం చేస్తాడు?"

"తోక ముడుస్తాడు!" అన్నాడు చెన్నుభట్టు.

రాజు పకపకా నవ్వాడు. సభంతా గొల్లుమంది. బహిష్కారం రద్దయింది. వరదాచార్యుల భుజాన పట్టుశాలువా పడింది. ఈరన్న కబురు చెప్పడానికి సాలెవీధికి లగెత్తాడు. సాయంత్రానికల్లా కొత్త దండోరా మోగింది: "జ్వరానికి మందు ఈ కషాయమే. పోసే ముందు, ఎవరికి పోస్తున్నారో చూడండహో!"

సభ ముగించబోతూ రాజు, "చెన్నూ, నా నడుముతోనే నా నోరు మూయించావు కదరా! ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"ముందు ఈ ఓబులును పంపించండి ప్రభూ. మీరు తప్పించుకున్నప్పటి నుంచీ నా నడుం వైపే చూస్తున్నాడు."

రాజు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి చెన్నుభట్టు మెడలో వేశాడు.