బిడ్డను నాకని తల్లి

అనగనగా ఒక అడవిలో, కొండ దిగువన, చౌడు నేల ఒకటి ఉండేదర్రా. ఆ మట్టి ఉప్పగా ఉంటుంది. అడవిదున్నలూ దుప్పులూ వచ్చి దాన్ని ఇష్టంగా నాకి పోయేవి.

ఒకరోజు పొద్దున్నే పిడుగులాంటి వార్త వచ్చింది. పైకొండ దున్నలు నోట నురగలు కక్కుతూ కూలిపోతున్నాయట. దుప్పుల మందకు పెద్ద అయిన చెంగలికి గుండె జారిపోయింది. దానికి పొన్ని అనే చిన్న కూన ఉంది మరి.

"ఏరు దాటి పారిపోదాం పదండి. అవతలి కొండ మీద మా చెల్లెలి మంద ఉంది" అంది చెంగలి.

ఏటి ఒడ్డున ఉడుము అడ్డంగా పడుకుని ఉంది. దాన్ని చూస్తే అందరికీ ఏవగింపు. ఏ జంతువు రోగంతో చచ్చినా అది అక్కడే రోజుల తరబడి కూర్చుని చూస్తుంటుంది. ఏం చూస్తున్నావని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"దాటకు చెంగలీ" అంది ఉడుము. "నిన్న దున్నలతో కలిసి మీరూ చౌడు నాకారు. ఈ జబ్బు తెచ్చేది కంటికి ఆనని క్రిమి. ఎంగిలిలో పాకుతుంది. ఒంట్లో దూరాక అయిదు రోజుల దాకా నక్కి ఉంటుంది. ఇప్పుడు వెళితే మీ చెల్లెలికి చావును మోసుకెళ్ళినట్టే."

"నీకెలా తెలుసు?"

"అడవిపందులకు వచ్చినప్పుడు చూశాను. కొండగొర్రెలకు వచ్చినప్పుడు చూశాను. కణుజులకు వచ్చినప్పుడు రోజులు లెక్కపెట్టాను. మీరంతా నన్ను ఛీ కొట్టారు. ఇప్పుడైనా వినండి. విడివిడిగా నిలబడండి. ఒకరినొకరు నాకొద్దు. పిల్లల్ని కూడా."

పిల్లను నాకకుండా ఉండగల తల్లి దుప్పి ఎక్కడైనా ఉంటుందా? చెంగలి ఏటి వైపు చూసింది. ఉడుము వైపు చూసింది. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. చివరికి "ఆగుతాం" అంది. మంద గొణుక్కుంటూనే ఆగింది.

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ ఏమీ కాలేదు. "ఈ ఉడుము మనల్ని వెర్రివాళ్ళను చేసింది" అన్నాడు ఓ కొమ్ముల దుప్పి. మూడో రోజు అతని నోటి నుంచే నురగ కారింది. సాయంత్రానికి పొన్ని మేత మానేసింది.

చెంగలి కూన వైపు ఒక్క గంతు వేసింది.

"ఆగు" అంది ఉడుము. "నువ్వు ముట్టుకుంటే నువ్వూ పోతావు, నీ వెనక మందంతా పోతుంది. ఈ జబ్బులో చాలామంది చచ్చేది నోరు పుండై, నీళ్ళు తాగలేక. అదీ చూశాను. ఇది గిట్టలున్న జంతువులకే వస్తుంది, నాకు అంటదు. నేను వెళతాను."

ఉడుము ఏట్లో నానిన మెత్తటి నాచు తెచ్చి ఇద్దరి నోళ్ళలో పిండింది. రోజుకు పదిసార్లు తిరిగింది. "అమ్మా, నా దగ్గరికి రావేం?" అని పొన్ని ఏడుస్తుంటే, చెంగలి దూరంగా నిలబడి తానూ ఏడ్చింది.

కొమ్ముల దుప్పి బతకలేదు. ఎనిమిదో రోజున పొన్ని తనంతట తానే లేచి గుంటలో నీళ్ళు తాగింది. మందలో మరెవరూ జబ్బు పడలేదు. అవతలి కొండ మీద మేస్తున్న చెల్లెలి మందకు, తమకు ఎంత గండం తప్పిందో తెలియను కూడా తెలియదు.

చెంగలి కూన వైపు పరుగెత్తింది.

"ఇంకో మూడు రోజులు" అంది ఉడుము.

చెంగలి నిలబడిపోయింది. ఈసారి నీకెలా తెలుసని అడగలేదు.

నీతి: రోగం రాకముందే దాని గుట్టు వెతికేవాళ్ళను వెక్కిరించకూడదు, రోగం వచ్చిననాడు మనల్ని కాపాడేది వాళ్ళు తెలుసుకున్నదే.