కట్ట కింద చారలమ్మ

అనగా అనగా, అడవిలో జంతువులు కూడా మనలాగే శకునాలు చూసుకునే రోజుల్లో, చారలమ్మ అనే పిల్లి ఉండేది. దాని ఆస్తి మొత్తం నాలుగు పిల్లలు. నాలుగింటికీ ఇంకా కళ్లు తెరుచుకోలేదు.

గుట్ట మీద డేగ గూడు కట్టుకుంది. అందుకని చారలమ్మ పిల్లల్ని కింద, వాగు ఒడ్డు పొదల్లో దాచుకుంది. ఆ పొదలకు సరిగ్గా ఎగువన ఒక మట్టికట్ట ఉంది.

ఆ కట్ట గుబురయ్య అనే ఎలుగుబంటిది. పైరు తడపడానికి కాదు, దాహం తీర్చడానికీ కాదు. స్నేహితులతో నీళ్లలో దూకడానికి, దుంగల మీద తేలుతూ తేనె తాగడానికి కట్టించుకున్నాడు.

వానలకు నీరెక్కువైతే పక్కనుంచి పొర్లిపోవడానికి మొదట్లో దానికి ఒక అలుగు ఉండేది. దూకడానికి లోతు చాలడం లేదని గుబురయ్య ఆ అలుగుకు రాళ్లు అడ్డం పెట్టించాడు. కట్టలో పందికొక్కులు కన్నాలు తవ్వాయి. "పాపం, అవీ బతకాలిగా" అన్నాడు. ఆయన దయ అలాంటిది.

ఒకరోజు చారలమ్మ కట్ట వెనకవైపు తన పంజంత తడి చూసింది. మర్నాడు అది నాలుగు పంజాలయింది. ఆ మర్నాడు పదహారు.

లెక్క తెలిసిన పిల్లి కనుక పరుగెత్తింది.

గుబురయ్య అప్పుడే ఈతకు బయలుదేరుతున్నాడు.

"ఛీ! గడప దాటగానే పిల్లి ఎదురా!" అని లోపలికి పోయి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ వచ్చాడు. చారలమ్మ గుమ్మం పక్కనే ఉంది.

"బాబూ, మీ కట్ట కారుతోంది. అలుగుకు పెట్టిన రాళ్లు తీయించండి."

"నా స్థలం, నా కట్ట, నా నీళ్లు. మధ్యలో నీకేం నొప్పే?"

"నీళ్లు మీవే బాబూ. కట్ట తెగితే మీ దగ్గరే ఉంటాయా?"

"ధవళయ్య గారు బాగుందన్నారు. పోయి ఆయన్నడుగు!"

ధవళయ్య అంటే కొంగ. రాజుగారి కొలువులో కట్టలు చూసే అధికారి. ఏటా వచ్చి, గుబురయ్య చెరువులో ఒంటికాలి మీద నిలబడి, కడుపునిండా చేపలు తిని, "కట్ట దివ్యంగా ఉంది" అని వెళ్లిపోతాడు. కట్ట వెనక్కి ఏనాడూ దిగలేదు. అక్కడ చేపలుండవు కదా!

"ఏనుగు వీపుకన్నా ఎత్తైన కట్టలే నా కిందికొస్తాయమ్మా" అన్నాడు ధవళయ్య. "ఇది ఏనుగు పొట్ట దాకానే."

"మరి ఏటా ఎందుకొస్తున్నారు?"

"అది స్నేహం."

"అయ్యా, తడి మొన్న ఒకటి, నిన్న నాలుగు, ఇవాళ పదహారు పంజాలు. మరి రేపటికి?"

"రేపటి సంగతి రేపు చూద్దాం. అసలు ఇప్పుడే బయలుదేరేవాణ్ణి. నువ్వు ఎదురొచ్చావు. ఇంకేం చేయను?"

చారలమ్మ పళ్లు కొరుక్కుని కేసరి రాజు దగ్గరికి వెళ్లింది.

"సొంత కట్టా?" అన్నాడు సింహరాజు. "అయితే సొంతదారుణ్ణి అడుగు."

"ఆయన అధికారిని అడగమన్నాడు ప్రభూ. అధికారి అది తన కిందికి రాదన్నాడు."

"అయితే మళ్లీ సొంతదారుణ్ణే అడుగు. రేపు నేనూ అక్కడికే జలక్రీడకు వెళ్తున్నాను. పొద్దున్నే నువ్వు మాత్రం ఎదురు రాకు!"

చారలమ్మకు ఒళ్లు మండిపోయింది. "చెబితే వినరు. వచ్చి చూడమంటే చూడరు. నన్ను చూసి వెనక్కి తిరగడం ఒక్కటే వీళ్లకు చేతనవును" అని గొణుక్కుంది. గొణుక్కుని, టక్కున ఆగింది. సరే, వాళ్లకు చేతనైనదే చేయిద్దాం!

మర్నాడు రాజు గుట్టదారిన బయలుదేరాడు. చారలమ్మ అడ్డంగా నడిచింది. "అపశకునం!" అంటూ పరివారమంతా వెనక్కి తిరిగి అడవిదారి పట్టింది. అక్కడా చారలమ్మ అడ్డంగా నడిచింది. ఇక మిగిలింది వాగుదారి. ఆ దారిలో ఎవరూ అడ్డం రాలేదు.

వాగుదారి తిన్నగా కట్ట కిందికి వచ్చింది. ఎండకు అలసిన రాజు కట్ట నీడలో కూలబడ్డాడు.

"హాయిగా ఉంది. విందు ఇక్కడికే తెప్పించండి."

కట్ట మీద నిలబడ్డ గుబురయ్య గబగబా చేతులూపాడు. "ప్రభూ! అక్కడొద్దు! పైకి రండి!"

"ఎందుకయ్యా?"

"అక్కడ... చీమలుంటాయి."

"చీమలకు భయపడే సింహాన్ని చూశావా?"

రాజుగారి పరివారంలో వచ్చిన ధవళయ్య అప్పటికే ఎగిరి టేకుచెట్టు కొస మీద వాలాడు.

చారలమ్మ పొదలోంచి తల బయటపెట్టింది. "కూర్చోండి ప్రభూ. కట్ట దివ్యంగా ఉందట. నా పిల్లలు రోజూ ఇక్కడే పడుకుంటారు."

రాజుకు తోక కింద చల్లగా తగిలింది. లేచి చూశాడు. వెనక బురదనీరు సన్నగా, ఆగకుండా కారుతోంది.

"అంటే, నేను కూర్చోకూడని చోట ఆ పసికూనలు ఉండొచ్చా?"



అప్పటికప్పుడు గుబురయ్య తన చేతులతోనే రాళ్లు పీకాడు. నీరు అలుగు మీదుగా పక్కవాగులోకి పోయింది. సాయంత్రం జోరున వాన కురిసింది. కట్ట నడుమ మట్టి దబ్బున జారిపడింది. కానీ లోపల మిగిలింది మోకాటిలోతు నీరే. అది పొదల దాకా కూడా రాలేదు.

"అయ్యో, ఇక దూకేదెక్కడ!" అని గుబురయ్య ఏడ్చాడు. పిల్లి కూనలు నాలుగూ నిద్రపోతూనే ఉన్నాయి.

"ఇకమీదట పొట్టి కట్టయినా పొడుగు కట్టయినా, బాగుందని చెప్పదలచినవాడు దాని కిందే కాపురముండి చెప్పాలి" అని రాజు చాటింపు వేయించాడు.

"ఈ వాగు మీద సరదా కట్టలు ఇంకా ఆరున్నాయి ప్రభూ. ఎవరు చూస్తారు?" అంది చారలమ్మ.

"ఇంకెవరు, ధవళయ్యే."

ధవళయ్యను నమ్ముకుంటే లాభం లేదనుకుంది చారలమ్మ. కూనల్ని పక్కింటి ముళ్లపందికి అప్పజెప్పింది. ఎగువనున్న మొదటి కట్ట రాజుగారి బావమరిదిది. ఆయన ఇల్లు కదిలే వేళకు ఎదురు వెళ్లాలని తోక నిక్కించి బయలుదేరింది.

కట్ట మీద సరదా ఒకరిది, కట్ట కింద ప్రాణాలు మరొకరివి. అది గట్టిదో కాదో కింద నిలబడి చూసినవాడే చెప్పాలి.